దేవుడు ఎలీషాకు చెప్పని సంగతి

వాక్యభాగము: 2 రాజులు 4:8–37



ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఆదివారం ఆరాధనలో పంచుకున్న వర్తమానం ఇది. పత్రికకు రాసివ్వమని అడిగారు గనుక, చెప్పినదానికి కొంచెం కలిపాను, కొంచెం తీసేశాను. ఇందులో ఒక భార్యాభర్తల సంగతి వస్తుంది. వారి అనుమతి తీసుకునే రాస్తున్నాను. వారు ఎవరై ఉంటారా అని ఊహించే ప్రయత్నం దయచేసి చెయ్యకండి. మన తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నాం ఇక్కడ? రెండు ప్రశ్నలు వేస్తే ఊరు, ఇంటిపేరు బయటికి వచ్చేస్తాయి.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

వారింట్లో గృహకూడిక పెట్టుకున్నాం. పెళ్లయి ఏడేళ్లు. చికిత్స మొదలుపెడుతున్నాం, ప్రార్థన చెయ్యండి అని అడిగారు. నేను 2 రాజులు 4:16 తెరిచాను. ఎలీషా షూనేమీయురాలితో చెప్పిన మాట చదివి, వచ్చే సంవత్సరం ఈ పాటికి ఈ ఇంట్లో ఊయల ఊగుతుందన్నాను. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. నాకు దర్శనమేమీ కలగలేదు, ప్రభువు నాతో ఏమీ చెప్పలేదు. ఆ ఇద్దరి ముఖాలు చూసి జాలివేసింది. జాలితో వాగ్దానం చేసేశాను.

పదకొండు రోజులు ఇంజెక్షన్లు. రోజూ సాయంత్రం ఒకే వేళకు, ఆఫీసు మీటింగు మధ్యలో ఉన్నా సరే, బాత్రూంలోకి వెళ్లి పొట్టలో తనే వేసుకునేదట. ఆ తరువాత మత్తిచ్చి అండాలు బయటికి తీశారు. తొమ్మిది వచ్చాయి. సంఘం వాట్సాప్ గ్రూపులో స్తోత్రాలు, చేతులు జోడించిన బొమ్మలు. మరునాడు ఉదయం ఆమె కాన్‌స్టాబ్లర్‌వాహె స్టేషన్లో రైలుకోసం నిలబడి ఉండగా ల్యాబు నుంచి ఫోను వచ్చింది. తొమ్మిదిలో ఏడు పక్వమైనవి. ఏడింటిలో ఒక్కటీ ఫలదీకరణం చెందలేదు. ఫోను చేసిన ఆవిడ మంచిగానే మాట్లాడిందట, మొదట జర్మన్‌లో, తరువాత మళ్లీ ఇంగ్లీషులో. రెండు భాషల్లోనూ సున్నా సున్నాయే.

సాయంత్రం తమ్ముడు నాకు ఫోను చేశాడు. "అయ్యగారూ, ఒక్కటీ కాలేదు" అన్నాడు. నేను "ఏది కాలేదు?" అన్నాను. గర్భం నిలవకపోవడం తెలుసు, గర్భస్రావం తెలుసు. అంతకంటే ముందే, ఒక గిన్నెలోనే, ఒక్క రాత్రిలోనే అంతా అయిపోవచ్చునని నాకు తెలియదు. తెలియనివాణ్ణి వాగ్దానం మాత్రం ఇచ్చాను.

అందుకని నేర్చుకున్నాను. మీకూ కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఏం జరిగిందో తెలియకుండా ఓదార్చబోతే మన మాటలు రాళ్లలాగే తగులుతాయి.

అండాల్ని తీసిన రోజునే వాటి దగ్గర శుక్రకణాల్ని వదులుతారు. అది మామూలు ఐవీఎఫ్. లేదా ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క శుక్రకణాన్ని సన్నని సూదితో ఎక్కిస్తారు. దానిని ఇక్సీ అంటారు. ఆ పద్ధతిలో మొదటి బిడ్డ 1992లో బెల్జియంలో పుట్టింది. తరువాత 16 నుంచి 18 గంటలకు మైక్రోస్కోపు కింద చూస్తారు. అండం లోపల రెండు చిన్న గుండ్రని చుక్కలు కనబడాలి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఆ రెండూ కనబడితే ఫలదీకరణం మొదలైనట్టు. ఇక్సీలో పక్వమైన అండాల్లో మామూలుగా నూటికి అరవై, డెబ్బైదాకా అలా కనబడతాయి. ఒక్కదానిలోనూ కనబడకపోవడం మామూలు ఐవీఎఫ్‌లో నూటికి ఐదు నుంచి పది సార్లు, ఇక్సీలో నూటికి ఒకటి నుంచి మూడు సార్లు జరుగుతుంది. శుక్రకణం అండంలోకి వెళ్లలేకపోవచ్చు. వెళ్లినా అండం మేలుకోకపోవచ్చు. శుక్రకణం తెచ్చే ఒక సంకేతంతో అండంలో కాల్షియం అలలు లేస్తాయి, వాటితో అది మేలుకుంటుంది. ఆ సంకేతం లేకపోతే ఇక్సీ చేసినా లాభం ఉండదు. కొందరికి ఆ అలలు లేచేలా ల్యాబులో మందు వాడతారు. మొదటిసారి ఐవీఎఫ్‌లో సున్నా వచ్చినవారు ఇక్సీకి మారితే చాలామందిలో ఫలదీకరణం జరుగుతుంది. ఇవన్నీ వారి డాక్టరును వారు అడిగి తెలుసుకోవలసినవి. నేను చెప్పేది ఒక్కటే: కారణం స్త్రీలోనే ఉందని ఎవరు చెప్పారు? మన ఇళ్లలో కోడలివైపే వేలు చూపిస్తాం. లూకా మొదటి అధ్యాయంలో ఎలీసబెతును గొడ్రాలన్నారు. జెకర్యాను పరీక్ష చేసిందెవరు?

ఆ చెల్లెలు నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. "అయ్యగారూ, ఆ ఏడూ నా బిడ్డలేనా?" అది మొదటిది. రెండోది నన్ను కుదిపేసింది. "కాకపోతే నేను ఏడవకూడదా?"

మొదటిదానికి నాకు తెలిసినంత చెబుతాను. మన సహవాసంలో లూథరన్లున్నారు, సీఎస్ఐ వాళ్లున్నారు, బాప్తిస్టులు, పెంతెకొస్తు వాళ్లు ఉన్నారు. తెలుగు పాటలకోసం వచ్చే కతోలికులూ ఉన్నారు. చికిత్స విషయంలో మన మధ్య ఏకాభిప్రాయం లేదు. కతోలిక సంఘం 1987లో ఇచ్చిన బోధలో ఐవీఎఫ్ వద్దంది. మిగిలిన సంఘాల్లో చాలామంది వైద్యాన్ని దేవుని చేతి పనిముట్టుగా చూస్తారు. నేనూ అంతే. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన హెయ్యర్ దొరగారు ఈ జర్మనీలోనే హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవారు. ఆయన వెనక 1883లో అమెరికా నుంచి డాక్టరు అన్నా కుగ్లరమ్మ వచ్చారు. ఆ కుగ్లర్ ఆసుపత్రిలో పురుడు పోసుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు మనలో ఎందరికో ఉన్నారు. సువార్తా, ఆసుపత్రీ మన ఊళ్లకు చెయ్యి చెయ్యి పట్టుకునే వచ్చాయి. ఇప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లడం అవిశ్వాసమని ఎవరైనా అంటే, మీరు ఎక్కడ పుట్టారో ముందు కనుక్కోమని చెబుతాను.

అయితే బిడ్డ ఎప్పుడు మొదలవుతుందన్న విషయంలో అందరికంటే కఠినంగా చెప్పేవారు కూడా, ఫలదీకరణంతో మొదలవుతుందనే చెబుతారు. అంతకుముందు అని ఎవరూ చెప్పరు. జర్మనీలో 1990 డిసెంబరులో చేసి 1991 జనవరి 1 నుంచి అమలుచేసిన పిండ రక్షణ చట్టం ఈ విషయంలో చాలా గట్టిది. ఆ చట్టం కూడా, తల్లి కేంద్రకమూ తండ్రి కేంద్రకమూ కలిసిపోయి, ఎదిగే శక్తి ఉన్న అండాన్నే పిండం అంటుంది. ఆ ఏడింటిలో ఆ కలయిక జరగలేదు. కాబట్టి చెల్లీ, అవి బిడ్డలు కావు. నువ్వు ఎవరినీ పోగొట్టలేదు. ఎవరినీ పారవెయ్యలేదు. ల్యాబువాళ్లు వాటిని తీసివేసినప్పుడు పాపమేమీ జరగలేదు.

ఇంకో సంగతి. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమెలో పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి. యుక్తవయసుకు వచ్చేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి సుమారు నాలుగు వందలు. సృష్టికర్త స్త్రీ శరీరాన్ని అలా చేశాడు. మనలో ప్రతి ఒక్కరం ఏ అండం నుంచి వచ్చామో, అది మన అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే తయారైంది. 139వ కీర్తన చదివేటప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది. ఆయన లెక్కలు మన లెక్కలు కావు.

కొందరికి ఇంతకంటే చిక్కు ప్రశ్నలు ఎదురవుతాయి. రెండు చుక్కలకు బదులు మూడు కనబడతాయి, లేదా ఒకటే కనబడుతుంది. అవి సరిగ్గా ఎదగవు గనుక ల్యాబువాళ్లు గర్భంలో పెట్టరు. నా మనస్సాక్షికి ఆ నిర్ణయం సమ్మతమే, అయినా దానిని ఏడుపులేకుండా దాటవేయమని ఎవరికీ చెప్పను. అలాగే కొన్నిటిని రెండు చుక్కల దశలోనే, అంటే కలయిక పూర్తికాకముందే, శీతలపరచి దాచుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఎన్ని దాచాలి, తరువాత వద్దనుకుంటే ఏం చెయ్యాలి అన్నవి సంతకం పెట్టకముందే భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి. జర్మన్ కాగితాల మీద అర్థంకాకుండా సంతకాలు పెట్టకండి. మన సంఘంలో జర్మన్ బాగా వచ్చినవాళ్లున్నారు. విషయం కడుపులో దాచుకోగలిగినవాళ్లే చదివి చెప్పడానికి వెళ్లండి.

ఇన్సూరెన్సు సంగతి ఒక్క మాట. ఇక్కడి ప్రభుత్వ క్రాంకెన్‌కాస్సె పెళ్లయినవారికి, భార్య 40 లోపు, భర్త 50 లోపు ఉంటే, మూడు ప్రయత్నాల వరకు సగం ఖర్చు భరిస్తుంది. కొన్ని ఇంకా ఎక్కువే ఇస్తాయి. ఫలదీకరణం జరగకపోయినా ఆ ప్రయత్నం లెక్కలోకి వస్తుంది. కాబట్టి రెండోసారికి ముందే వారిని అడిగి, కాగితం మీద తీసుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు, షూనేముకు వెళ్దాం.

ఆ స్త్రీ ఏమీ అడగలేదు, గమనించారా? ఎలీషా, నీకేం కావాలమ్మా అంటే, నా జనుల మధ్య నేను బాగానే ఉన్నానంది. ఆమెకు కొడుకు లేడని, భర్త ముసలివాడని ఎత్తి చూపింది గేహజీ. మన సంఘాల్లోనూ అంతే. అడగనివారి లోటు మనమే లెక్కపెడతాం. ఇండియా నుంచి ఫోను వస్తే "విశేషమేమీ లేదా అమ్మా?" అంటారు. ఆదివారం భోజనాల దగ్గర అదే ప్రశ్న. ఎలీషా మాట ఇచ్చినప్పుడు ఆమె సంతోషంతో గంతులు వెయ్యలేదు. నన్ను భ్రమపెట్టవద్దని బతిమాలింది. ఆశకు ఆమె భయపడింది. ఐవీఎఫ్‌కు వెళ్లే ప్రతి అక్కకూ, చెల్లికీ ఆ భయం తెలుసు.

బిడ్డ పుట్టాడు, పెరిగాడు. ఒకరోజు తలనొప్పి అని వచ్చి, తల్లి ఒడిలో మధ్యాహ్నానికి చనిపోయాడు. ఆమె గాడిదకు జీను కట్టించుకుని కర్మెలుకు బయలుదేరింది. సుమారు పాతిక కిలోమీటర్లు. బయలుదేరేముందు భర్త అడిగితే క్షేమమే అంది. గేహజీ ఎదురొచ్చి అడిగితే క్షేమమే అంది. మనం గుడి వాకిట్లో "ప్రెయిజ్ ద లార్డ్ బ్రదర్, అంతా బాగే" అంటాం చూడండి, అదే మాట. ఆమె ఆ మాట దాటింది ఎలీషా కాళ్లు పట్టుకున్నప్పుడే.

గేహజీ ఆమెను పక్కకు తొయ్యబోయాడు. మర్యాద, క్రమం అతని బాధ. అప్పుడు ఎలీషా అన్న మాటే 27వ వచనం. ఆమెను వదిలెయ్యమన్నాడు. ఆమె ప్రాణం చేదైపోయిందన్నాడు. ఈ సంగతి దేవుడు తనకు తెలియజేయలేదని, తన నుంచి దాచాడని ఒప్పుకున్నాడు.

ఎన్నో ఏళ్లుగా ఈ అధ్యాయం మీద ప్రసంగాలు చేశాను. 16వ వచనం చెప్పాను, 26వ వచనం చెప్పాను, 35వ వచనంలో ఆ పిల్లవాడు ఏడుసార్లు తుమ్మడం చెప్పాను. 27వ వచనం దగ్గర ఎన్నడూ ఆగలేదు. ఇనుము నీళ్లలో తేల్చినవాడు, సిరియా రాజు పడకగదిలో మాట్లాడినది కూడా తెలిసినవాడు, ఒక తల్లి ఎదుట నాకు తెలియదన్నాడు. ఆ మాట అనడానికి ఆయన సిగ్గుపడలేదు. ఆయనకే తెలియనప్పుడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాకెలా తెలిసిందంటారు?

అందుకే రెండో ప్రశ్నకు నా జవాబు: ఏడువు చెల్లీ. అవి బిడ్డలు కావు, నీ ఏడుపు మాత్రం నిజమైనదే. నువ్వు ఏడుస్తున్నది ఏడేళ్లకోసం, పదకొండు సాయంత్రాలకోసం, కాగితం మీద రాసుకుని దాచుకున్న రెండు పేర్లకోసం. ఈ దేశంలో పురిటిలో చనిపోయిన చిన్న బిడ్డల పేర్లు, అర కిలో బరువు లేకపోయినా, 2013 నుంచి స్టాండెసాంట్‌లో నమోదు చేయించుకోవచ్చు. పదమూడో వారం మొదలుకొని గర్భం పోతే 2025 జూన్ నుంచి తల్లికి సెలవు హక్కు ఇచ్చారు. మంచి చట్టాలు. నీ సున్నాకు మాత్రం ఏ కాగితమూ లేదు. ఆ రోజు కూడా నువ్వు రైలెక్కి ఆఫీసుకే వెళ్లావు. కాగితం లేని దుఃఖాన్ని మొయ్యడానికి సంఘమన్నా ఉండాలి కదా.

ఎలీషా తరువాత ఏం చేశాడు? ముందు తన కర్ర గేహజీకిచ్చి పంపాడు. గేహజీ పరుగెత్తి వెళ్లి ఆ కర్ర పిల్లవాడి ముఖం మీద పెట్టాడు. శబ్దం లేదు, కదలిక లేదు. దూరం నుంచి పంపే కర్రలు మన దగ్గరా ఉన్నాయి. యూట్యూబు ప్రవక్తల అభిషేక తైలం, ఫార్వర్డు చేసిన వాగ్దానపు కార్డు, "దేవుడు మంచే చేస్తాడు సిస్టర్" అనే వాయిస్ మెసేజు. ఇంకొకరు గుంటూరులో 2019 సెప్టెంబరులో డెబ్బై దాటిన ఒక తల్లి కవలల్ని కన్న వార్త పంపుతారు, అభినవ శారా అని పేరు పెట్టి. అది దాత అండంతో జరిగిందని ఆ మెసేజులో ఉండదు. 2021లో వచ్చిన చట్టం ఇండియాలో ఈ చికిత్సకు స్త్రీకి 50 ఏళ్ల హద్దు పెట్టిందనీ ఉండదు. జర్మనీలో అండదానం నిషిద్ధం. కాబట్టి ఎవరో ఒకరు స్పెయిన్ వెళ్లమంటారు. వెళ్లాలా వద్దా అన్నది భార్యాభర్తలు దేవుని ఎదుట తేల్చుకోవలసిన పెద్ద నిర్ణయం. ఫోను వచ్చిన వారంలో మాత్రం తేల్చుకోవద్దు.

కర్ర పని చెయ్యలేదు. ఆ తల్లికి ముందే తెలుసు కాబోలు, నువ్వు రాకపోతే నేను కదలనని ఎలీషాను పట్టుకుంది. అప్పుడు ఆయనే లేచి ఆమె వెంట నడిచాడు. మేడగది ఎక్కాడు, తలుపు వేసుకున్నాడు, చల్లబడిన ఆ ఒంటి మీద తన ఒళ్లు ఆనించాడు.

ఆ బిడ్డ లేచాడు. నాకు ఇబ్బందిగా ఉన్నది ఇక్కడే, దాచను. ఈ కథ చివరను మన ఇళ్లలోకి అలాగే ఎత్తుకు రాలేం. దానిని వాగ్దానంగా పంచిపెట్టే అధికారం నాకు లేదు, ఒకసారి పంచి చూశాను. మన వైపు ఈ ఆసుపత్రుల్ని సంతాన సాఫల్య కేంద్రాలంటారు. జర్మన్‌లో కిండర్‌వున్ష్ కేంద్రాలంటారు. బిడ్డ కావాలన్న కోరిక అని ఆ మాటకు అర్థం. మనం సాఫల్యాన్ని బోర్డు మీదే రాసేశాం. వీళ్లు కోరిక దగ్గర ఆగారు. ప్రసంగ వేదిక మీద నేనూ అక్కడే ఆగి ఉండవలసింది.

బుధవారం సాయంత్రం మా ఆవిడా నేనూ వారింటికి వెళ్లాం. ఆవిడ పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి తీసుకొచ్చింది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తమ్ముడు అన్నం తింటూ మధ్యలో లేచి బాల్కనీలోకి వెళ్లాడు. అతని వెనక వెళ్లి నిలబడ్డాను. మగవాళ్లను ఈ విషయంలో ఎవరూ ఏమీ అడగరయ్యా అన్నాడు. నిజమే, నేనూ అంతవరకు అతన్ని ఏమీ అడగలేదు.

వెళ్లబోయేముందు చెల్లెలు నన్ను కొన్ని అడిగింది. సంతానం లేనివారు నిలబడండి, ప్రార్థిస్తాం అని ఆరాధనలో ఇకమీదట పిలవవద్దంది. యెషయా 54 చదివేటప్పుడు గొడ్రాలు అన్న మాట దగ్గర గొంతు పెంచవద్దంది. మదర్స్ డే నాడు పువ్వులిస్తే స్త్రీలందరికీ ఇవ్వమంది, లేకపోతే ఎవరికీ వద్దంది. గ్రూపులో తమ పేరు పెట్టవద్దంది. అన్నిటికీ సరేనన్నాను. ఆఖరున, "అయ్యగారూ, ఆ వాగ్దానం వెనక్కి తీసుకుంటారా? అది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు" అంది.

రెండు వారాల తరువాత అదే ఇంట్లో, ఆ రోజు ఉన్నవాళ్లందరినీ పిలిచి, అదే సోఫాలో కూర్చుని వెనక్కి తీసుకున్నాను. ప్రభువు నాతో చెప్పనిది చెప్పానని, నన్ను క్షమించమని ఆ ఇద్దరినీ అడిగాను. ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. కొంచెంసేపటికి ఆ చెల్లెలు లేచి వంటగదిలోకి వెళ్లి అందరికీ టీ పెట్టింది.

రెండో ప్రయత్నం ఎప్పుడో వాళ్లు నాకు చెప్పలేదు. నేను అడగలేదు.